పన్నెండో పేజీ పాపం

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షాపులు మూసేసి ఉంటాయి, ఫుట్‌పాత్ తెరుచుకుంటుంది. షట్టర్ల ముందు పట్టాలు పరిచి పాత పుస్తకాలు గుట్టలు పోస్తారు. కిరాణా సామాన్లకి పంపితే నేను తేలేది అక్కడే అని మా ఆవిడకి తెలుసు. అందుకే ఈమధ్య లిస్టు నా చేతే రాయిస్తోంది. తను చెప్తుంది, నేను రాస్తాను. "మీరు రాసిందైనా మీకు గుర్తుంటుందేమో" అని ఆశ. మొన్న ఆదివారం కందిపప్పు ముఖ్యమని రెండుసార్లు చెప్పింది. నేనూ శ్రద్ధగా దాని కింద రెండు గీతలు గీశాను.

మధ్యాహ్నానికి నాలుగు నవలలతో ఇంటికొచ్చాను. లిస్టు మాత్రం భద్రంగానే ఉంది, పేజీ గుర్తుకి పెట్టుకున్నాను. కందిపప్పు సాయంత్రం తెస్తానన్నాను.

నా చదువు గురించి ఒక మాట. ఏలూరులో ఇంటర్ చదివే రోజుల్లో అద్దె పుస్తకాల షాపుకి నేను పోసిన పావలాలు దాచి ఉంటే ఓ సెకండ్‌హ్యాండ్ స్కూటర్ వచ్చేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు నాకు మా పెదనాన్న కొడుకులకంటే దగ్గరివాళ్లు. హంతకుడెవరో సగం పుస్తకంలోపే చెప్పేస్తానని నాకు పేరుంది. ఆ పేరు నేనే పెట్టుకున్నాను, అది వేరే సంగతి.

కొన్న నాలుగింటిలో ఒకటి గూఢచారి నవల. అందులో హీరో ఏ దేశంలో దిగితే ఆ దేశం భాష మాట్లాడతాడు. వీసా కోసం లైన్లో నిలబడ్డ మనిషి కాదు. మూడు వందల పేజీల్లో ఒక్క పూట అన్నం తిన్నట్టు ఎక్కడా రాయలేదు. తెలుగువాడన్నాక పరాయి దేశంలో రెండో రోజుకైనా పెరుగు ఎక్కడ దొరుకుతుందని వాకబు చేయాలి కదా! ఆ ముక్క లేకపోయేసరికి నాకు నమ్మకం కుదరలేదు.

ఇంకోటి క్షుద్ర నవల. ఎనభైల్లో వారపత్రికల్లో చేతబడి సీరియళ్లు చదివి, రాత్రిపూట పెరట్లోకి వెళ్లాలంటే అమ్మని తోడు పిలిచిన తరం మాది. ఇప్పుడు చదివితే భయం వేయలేదు గానీ ఖర్చు లెక్క తోచింది. ఒక్క అమావాస్యకి మాంత్రికుడు ఇరవై ఒక్క నిమ్మకాయలు, ఏడు నల్లకోళ్లు, బిందెడు నూనె వాడాడు. ఈ రోజు రేట్లకి పగ తీర్చుకోవడం కన్నా రాజీపడి మొక్కుకోవడమే చవక.

మూడోది అగాథా క్రిస్టీకి తెలుగు అనువాదం. ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆస్పత్రిలో మందులు కలిపే చోట పనిచేసింది. అందుకే ఆవిడ ఎవరికైనా విషం పెడితే మోతాదు లెక్కగా ఉంటుంది. మన పాత నవలల్లో విషం అంటే ఒకటే, పొటాషియం సైనైడ్. డిటెక్టివ్ కాఫీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని "చేదు బాదం వాసన" అంటాడు. ఆ వాసన కొందరి ముక్కుకి పుట్టుకతోనే అందదు. నేను చదివిన తెలుగు డిటెక్టివుల్లో ఒక్కడికీ ఆ లోపం లేదు. అసలు చేదు బాదం వీళ్లంతా ఏ కొట్లో వాసన చూసి గుర్తుపెట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మా వీధి కిరాణావాణ్ని అడిగితే బాదం చేదుగా ఉంటే వాపసు తీసుకుంటానన్నాడు.

నాలుగోదానికి ముందు పేజీలు లేవు. పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు అన్నీ వాటితోనే పోయాయి. సిమెంటు సంచి కాగితంతో అట్టవేసి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టారు. అద్దె షాపుల కుట్టు అది. అలా కుట్టిన పుస్తకం చిరగదు, తెరుచుకోదు కూడా. లోపలి అంచున ఉన్న మాట సగం కుట్టులోకి పోతుంది. "జమీందారు గుం" అని కనబడితే గుండెలో దిగిన బాకునా, గుండీకి పెట్టిన గులాబీనా మనమే తేల్చుకోవాలి. మిగిలిన మొదటి పేజీ మీద ఊదారంగు స్టాంపు చెరిగిపోయి చివర 'రు' ఒక్కటీ మిగిలింది. గుంటూరో నెల్లూరో అయ్యుంటుంది అనుకున్నాను. అరవై రూపాయలన్నాడు, బేరం కూడా ఆడలేదు. పేరు తెలియని డిటెక్టివ్ నవల అంటే నాకు అంత ఆశ.

పన్నెండో పేజీలో శవం దొరికింది. పక్కనే, అంచులో, నీలం బాల్‌పెన్నుతో ఎవడో రాశాడు: "వంటమనిషే చంపాడు. డౌట్ లేదు." 'వంటమనిషే' కింద గీతలు కూడా కొట్టాడు. తలకట్లు అక్షరాలకి అంటకుండా, కాకులు ఎగిరిపోతున్నట్టు పైపైన ఉన్నాయి. చేతిరాతలోనే పొగరు తెలుస్తోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు పాదిరీ డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. రహస్య ద్వారం ఒకటికి మించి ఉండకూడదు, ముందు చెప్పకుండా కవలల్ని దింపకూడదు, దొరికిన ఆధారాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదు, అలా. రాసేవాళ్లకి పది నియమాలు పెట్టినాయన చదివేవాళ్లకి ఒక్కటి పెట్టి ఉంటే ఏం పోయేది, అంచుల్లో రాయొద్దని? సినిమా హాల్లో పక్కవాడు క్లైమాక్స్ చెప్తే కనీసం వాడి మొహం కనబడుతుంది, గట్టిగా చూడొచ్చు. వీణ్ని ఎక్కడని వెతకను? గరుడ పురాణంలో ఇన్ని పాపాలకి ఇన్ని శిక్షలు రాసి ఈ ఒక్కదాన్నీ వదిలేయడం ఏమీ బాగాలేదు.

అయినా అరవై రూపాయలు పోశాను కదా, చదవడం మొదలుపెట్టాను. హంతకుడెవరో తెలిశాక పుస్తకం మొత్తం వంటింట్లోనే జరిగినట్టుంది. వంటాయన వంకాయలు తరుగుతుంటే నా చూపు కత్తి మీదే. "అమ్మగారూ, చారులో ఉప్పు చూస్తారా?" అని పాపం మామూలుగానే అడిగాడు. చూడొద్దమ్మా అని పైకే అనేశాను.

ఈలోపు మా ఆవిడ కుక్కర్లో బంగాళదుంపలు పెట్టి, "మూడు విజిళ్లు రాగానే కట్టేయండి" అని మేడ మీదకి బట్టలు తేవడానికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే బంగళాలో తుపాకీ పేలింది. డిటెక్టివ్ పేలుళ్లు లెక్కపెడుతున్నాడు, నేనూ లెక్కపెడుతున్నాను. పుస్తకంలో మూడు పేలాయి. ఇంట్లో ఎన్ని పేలాయో నాకు తెలియదు. మా ఆవిడ దిగొచ్చేసరికి దుంపలు గంజిలా అయిపోయి ఉన్నాయి. ఆ రాత్రి దాన్ని కూర అనే తిన్నాం.

నూట నలభై మూడో పేజీలో ఘోరం జరిగిపోయింది. వంటాయన బావిలో శవమై తేలాడు.

నా హంతకుణ్ని ఎవడో హత్య చేశాడు! కాసేపు నాకు ఏం తోచలేదు. తర్వాత తేరుకున్నాను. చచ్చింది వంటాయన కాదు, వాడి కవల తమ్ముడు. నాక్స్ వద్దన్నది అందుకేగా, ఎవరో ఒకరు అలా రాస్తుంటేనే కదా వద్దని ఉంటాడు. ఇంకో ముప్ఫై పేజీలు తమ్ముడి కోసం వెతుకుతూ చదివాను. తమ్ముడు రాలేదు. వంటాయన బతికి రాలేదు. చివరికి డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి అసలువాణ్ని పట్టుకున్నాడు. వంటాయన చేసిన నేరమల్లా ఆ రాత్రి కిటికీలోంచి చూడటం.

అంచులో రాసినవాడికి తెలిసి రాయలేదన్నమాట. ఊహించి రాశాడు. పైగా "డౌట్ లేదు" అని!

సాయంత్రం మా ఆవిడ లిస్టు కోసం వెతుకుతూ పుస్తకం తీసింది. లిస్టు పన్నెండో పేజీలోనే ఉంది. ఆ రాత మీద కోపం వచ్చినప్పుడల్లా తిప్పి చూస్తున్నాను కదా, అక్కడే ఉండిపోయింది. తను లిస్టు చూసింది, పేజీ చూసింది, మళ్లీ లిస్టు చూసింది.

"ఏమండీ, ఈ పుస్తకానికి ఎంతిచ్చారు?"

"అరవై."

"అంతకుముందు?"

"అంతకుముందేంటి?"

లిస్టుని అంచు పక్కన పెట్టి నాకు చూపించింది. కందిపప్పు కింద రెండు గీతలు. వంటమనిషి కింద రెండు గీతలు. లిస్టులోనూ కాకులు, అంచులోనూ కాకులు.

స్టాంపు దగ్గరికి తిప్పాను. 'రు'. గుంటూరు, నెల్లూరు అనుకున్నవాడికి సొంత ఊరు ఏలూరు ఎలా తట్టలేదో!

"చదివిన పుస్తకం గుర్తులేదా?" అంది.

గుర్తుండటానికి నేను చదివితే కదా. నా సంగతి నాకు తెలుసు. పన్నెండో పేజీకల్లా హంతకుణ్ని తేల్చేశాక ఇంకా చదవడం దండగ అనుకుని, రెండో రోజు పావలా మిగులుతుందని తిరిగిచ్చేసి ఉంటాను. పోతూ పోతూ తర్వాత చదివేవాళ్లకి ఉపకారం చేసిపోయాను.

మా ఆవిడ మంచం మీద కూర్చుని మొదటి పేజీ తెరిచింది. "అంతలా ఏముందో నేనూ చూస్తా. ఎవరో మాత్రం చెప్పకండి."

"నేనెందుకు చెప్తాను? నాకు ఆ అలవాటే లేదు," అన్నాను. తను అంచు వైపు చూసింది. నాకు పౌరుషం వచ్చింది. "చిన్నతనం, ఏదో రాశాను. ఆ వయసులో ఎవరికైనా వంటాయన మీదే అనుమానం వస్తుంది. వీలునామా చదవడానికి వచ్చిన ప్లీడరు చంపుతాడని కలగంటామా?"

అని ఆగాను. ఆగాల్సిన చోటు అప్పటికే దాటిపోయింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. లిస్టు మడిచి నా చొక్కా జేబులో పెట్టి, సంచీ చేతికిచ్చింది.

"రెండు గీతలున్నాయి, చూసుకోండి," అంది.