మహారాజశ్రీ ప్రభుత్వ బాండు వడ్డీ రేటు గారికి

అయ్యా,

తమరి హోదా సామాన్యమైంది కాదు. ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే కాగితమే బాండు, దాని మీద రాబడి తమరు. ఇంటి అప్పైనా, కంపెనీ అప్పైనా ముందు తమరి మొహం చూసి, దాని మీద కొంత కలిపి రేటు రాస్తారు. ఆర్థిక శాస్త్రం పుస్తకాల్లో తమరికి ‘రిస్కు లేని రేటు’ అనే బిరుదు కూడా ఉంది. ఆ బిరుదుకు తగ్గ నడవడికేనా ఇది? అమెరికా పదేళ్ల బాండు మీద 1981 సెప్టెంబరులో 15 శాతం పైన కూర్చున్నారు. 2020 ఆగస్టులో అర శాతానికి జారారు. 2023 అక్టోబరు వచ్చేసరికి మళ్లీ 5 శాతం దగ్గర ప్రత్యక్షం.

పైగా తప్పు తమరి మీదకు రాదు. కాగితం మీద వందకు ఐదు అని రాసుంటే చివరిదాకా ఐదే. మారేది బాండు ధర. రేపు కొత్త బాండు వందకు ఏడు ఇస్తుంటే, నా ఐదు శాతం బాండును వంద పెట్టి ఎవరు కొంటారు? కొనేవాడికీ ఏడు గిట్టేదాకా ధర దిగాల్సిందే. ఆ గిట్టే రేటే తమరు. ఏడాదిలో గడువు తీరేదైతే 98 దగ్గర ఆగుతుంది. పదేళ్లు మిగిలుంటే 86. ముప్పై ఏళ్లుంటే 75. తమరు రెండు మెట్లు ఎక్కితే నా వందలో పాతిక ఆవిరి! ‘సేఫ్ అండీ’ అని అంటగట్టినాయన ఈ లెక్క మాత్రం చెప్పలేదు.

ఇంతకీ తమరి బుర్రలో ఏముందో జనానికి తెలియనిదేం కాదు. రాబోయే పదేళ్లలో కేంద్ర బ్యాంకు రేట్లను ఎక్కడ ఉంచుతుందో అనే అంచనా, దాని పైన ‘తేడా కొడితే?’ అనే భయానికి కొంత ఎక్‌స్ట్రా. అంతే సరుకు. బజారులో ధరలు పెరుగుతాయనిపిస్తే పైకి, ప్రభుత్వం మరీ ఎక్కువ బాండ్లు అమ్మబోతోందంటే పైకి, మాంద్యం వాసన తగిలితే కిందికి. ఉద్యోగాలు పెరిగితే ధరలూ పెరుగుతాయేమోనని భయం. అందుకే ఉద్యోగాలు బాగా పెరిగాయన్న వార్త వస్తే మామూలు మనుషులు సంతోషిస్తారు, బాండ్లు పట్టుకున్నవాళ్లు టెన్షన్ పడతారు.

అన్నిటికన్నా విడ్డూరం 2011 ఆగస్టు. అమెరికా అప్పు తీర్చే యోగ్యతకు ఎస్ అండ్ పీ సంస్థ ఒక మార్కు కోసేసింది. లోకం బెదిరిపోయి ఎక్కడికి పరిగెత్తింది? అదే అమెరికా బాండ్ల దగ్గరికి! ధర పెరిగింది, తమరు తగ్గారు. యూరో వాడుతూ సొంత నోటు ముద్రించుకోలేని గ్రీసు దగ్గర మాత్రం ఈ మర్యాద లేదు. 2012లో అక్కడ పదేళ్ల బాండు మీద 30 శాతం కూడా దాటేశారు. ఉన్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒక న్యాయం అని ఊరికే అనలేదు.

తమరు ప్రభుత్వాలకు బుద్ధి చెప్పే పెద్దమనిషి అంటారు. నిజమే, 2022 సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వం డబ్బెక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా పన్నులు కోస్తామంటే, ముప్పై ఏళ్ల బాండు మీద 5 శాతం దాటి గర్జించారు. పెన్షన్ ఫండ్లు గగ్గోలు పెడితే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి బాండ్లు కొనాల్సి వచ్చింది. ప్రధాని లిజ్ ట్రస్ 50 రోజులైనా నిండకుండానే కుర్చీ దిగారు. కానీ అయ్యా, అంతకుముందు తమరెక్కడ నిద్రపోయారు? 2019 ఆగస్టులో జర్మనీ ముప్పై ఏళ్లకు వడ్డీ సున్నా అంటే సరేనన్నారు. ఇచ్చినదానికన్నా తక్కువ తిరిగొస్తుందని తెలిసీ కొన్నవాళ్లున్నారు. 2020లో ఆస్ట్రియా నూరేళ్లకు 0.85 శాతం అంటే అదీ ఓకే. ఆ బాండు ధర తర్వాత సగం కన్నా దిగువకు పడింది.

ఎందుకంటే ధరలు మండాక గానీ తమరికి మెలకువ రాలేదు. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుంచి 2023 జులై లోపు సున్నా దగ్గరున్న తన రేటును 5 శాతం పైకి లాగింది. తమరూ వెనకే ఎక్కారు. అలా ఎక్కుతుండగానే అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగింది. అది జూదమాడి మునగలేదు. దాని దగ్గర పోగుపడింది ఎక్కువగా ప్రభుత్వ హామీ ఉన్న దీర్ఘకాల బాండ్లే. డిపాజిటర్లు డబ్బు తీసేసుకుంటూ పోతే వాటిని నష్టానికి అమ్మాల్సి వచ్చింది.

తమరిని కట్టేద్దామని చూసినవాళ్లూ ఉన్నారు. జపాన్ కేంద్ర బ్యాంకు 2016లో పదేళ్ల రేటును సున్నా దగ్గర పెడతానని పంతం పట్టింది. తమరు తల ఎత్తినప్పుడల్లా బాండ్లు కొంది. కొని కొని దేశం బాండ్లలో దాదాపు సగం దాని బీరువాలోకే చేరాయి. 2024 మార్చిలో ఆ విధానానికి స్వస్తి చెప్పింది.

కాబట్టి తమరిని ఆపమని నేనడగను. ఎక్కేముందు ఒక మాట చెప్పండి, చాలు. చెప్పరని తెలుసు. ముందే తెలిస్తే ఆ మాట వినగానే అందరూ అమ్మేస్తారు, తమరు అప్పుడే ఎక్కేస్తారు.

ఇట్లు,
గడువు తీరేదాకా అమ్మకుండా కూర్చోవడం తప్ప గత్యంతరం లేని
ఒక పాత బాండుదారు