మొదటి పాఠమే ఆఖరి పాఠమైనప్పుడు

2011 నవంబరు 2న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రపు ప్రారంభ కోర్సైన ‘ఎకనామిక్స్ 10’ క్లాసు నుంచి దాదాపు 70 మంది విద్యార్థులు లేచి బయటికి నడిచారు. ఆ ఏడాది ఆ కోర్సులో చేరినవారు సుమారు 700 మంది. పాఠం చెబుతున్న గ్రెగరీ మ్యాన్‌క్యూ సామాన్యుడు కాదు. 2003 నుంచి 2005 వరకు అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆర్థిక సలహాదారుల మండలికి నాయకత్వం వహించారు. ఆయన రాసిన ప్రారంభ పాఠ్యపుస్తకం దేశదేశాల్లో చదువుతారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సు మొదటి ఏడాది పఠన జాబితాలోనూ అది ఉంటూ వచ్చింది. ఆర్థిక అసమానతలకు వ్యతిరేకంగా అప్పుడు అమెరికా నగరాల్లో సాగుతున్న ‘ఆక్యుపై’ ఉద్యమానికి సంఘీభావంగా బయటికి వెళ్తున్నామని చెప్పిన ఆ విద్యార్థులు ఆయనకొక బహిరంగ లేఖ రాశారు. ఈ కోర్సు అర్థశాస్త్రంలోని ఒక్క దృక్కోణాన్నే చూపిస్తోందని, మార్కెట్ పోటీని సమర్థించిన ఆడమ్ స్మిత్ చెప్పింది పునాది అయినప్పుడు ప్రభుత్వ జోక్యాన్ని సమర్థించిన కీన్స్ చెప్పింది ఎందుకు కాదని, మూల రచనలు తమచేత చదివించడం లేదని అందులో ఫిర్యాదు చేశారు.

తర్వాతి నెలలో న్యూయార్క్ టైమ్స్‌లో మ్యాన్‌క్యూ జవాబిచ్చారు. అర్థశాస్త్రమంటే ఖాయమైన నిర్ణయాల మూట కాదు, ఆలోచించే పద్ధతి అన్న కీన్స్ మాటనే ఆయన తన పక్షాన నిలబెట్టుకున్నారు. కీన్స్‌ను చదివించమని విద్యార్థులు అడిగితే కీన్స్ మాటతోనే బదులు వచ్చిందన్నమాట. ఈ ఘటనను అందరూ వామపక్ష, మితవాద తగాదాగానే చదివారు. ఆ తగాదా ఉన్నమాట నిజమే. కానీ 700 మందిని ఒకే కోర్సులో కూర్చోబెట్టి ‘పద్ధతి’ని నేర్పడం సాధ్యమేనా అన్న ప్రశ్న అందులో మరుగున పడింది. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న అదే.

ఆ కోర్సు నడిచే తీరు చూస్తే ఇది అర్థమవుతుంది. ప్రధాన ఉపన్యాసాలు శాండర్స్ థియేటర్‌లో జరుగుతాయి. 1870లలో కట్టిన, లోపలంతా చెక్కతో తీర్చిన ఆ సభామందిరంలో దాదాపు వెయ్యి సీట్లున్నాయి. కచేరీలకూ మహావక్తల ప్రసంగాలకూ పేరుపడ్డ చోటు అది. మ్యాన్‌క్యూ కాలంలో ఆచార్యుడు అక్కడ కనిపించేది అప్పుడప్పుడే. రోజువారీ బోధనంతా ‘సెక్షన్’ అనే చిన్న తరగతుల్లో, ఎక్కువగా పరిశోధక విద్యార్థులైన టీచింగ్ ఫెలోల చేతుల్లో సాగేది. కాబట్టి విద్యార్థికి ఆ కోర్సు మిగిల్చే అనుభవం ఆచార్యుడి పేరుతో కాక, తనకు దక్కిన టీచింగ్ ఫెలోతో ముడిపడి ఉంటుంది. ఓపికగా ప్రశ్నలు వినే ఫెలో దొరికినవాడికి అది మరచిపోలేని కోర్సు. తన పరిశోధన ఒత్తిడిలో బోర్డు మీద లెక్కలు గబగబా ముగించే ఫెలో దొరికినవాడికి అదొక గండం.

సెక్షన్లు ఎన్ని ఉన్నా పరీక్ష అందరికీ ఒక్కటే కావాలి, లేకపోతే న్యాయం కాదు. ప్రశ్నపత్రం ఒక్కటైనప్పుడు, ఎవరు దిద్దినా అవే మార్కులు వచ్చే ప్రశ్నలే అందులో ఉండాలి. సప్లయి రేఖ ఎడమకు జరిగితే ధర ఏమవుతుంది, పన్ను భారం ఎవరి మీద ఎంత పడుతుంది, గరిష్ఠ ధర విధిస్తే కొరత ఎన్ని యూనిట్లు అన్నవి అలాంటి ప్రశ్నలు. ఏ షరతుల కింద ఈ రేఖల నమూనా పనిచేయదు, దాన్ని ఏ సాక్ష్యంతో పరీక్షించాలి అన్న ప్రశ్నకు జవాబు రాయడానికి రెండు పేజీలు పడుతుంది. దిద్దేవారిని బట్టి మార్కులూ మారతాయి. అందుకే ఇలాంటి కోర్సుల్లో ఆ ప్రశ్న క్రమంగా పరీక్ష నుంచి తప్పుకుంటుంది. పరీక్షలో లేనిది విద్యార్థి శ్రద్ధలోంచీ జారిపోతుంది. ఏ ఆచార్యుడి రాజకీయ అభిప్రాయమూ జోక్యం చేసుకోనక్కర లేకుండానే, తరగతి పరిమాణమే సిద్ధాంతాన్ని ఎంచుకుంటుంది.

ఇంటర్మీడియట్‌లో అర్థశాస్త్రం చదివిన తెలుగువారెవరికైనా ‘ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు’ అన్న మాట జీవితాంతం గుర్తుంటుంది. ఆ ఇతర పరిస్థితులు ఏమిటి, అవి స్థిరంగా లేకపోతే ఏమవుతుంది అని తరగతిలో ఎంతసేపు మాట్లాడుకున్నారో మాత్రం గుర్తు తెచ్చుకోవడం కష్టం. శాండర్స్ థియేటర్‌కూ మన జూనియర్ కాలేజీ గదికీ పోలిక లేకపోవచ్చు గానీ, ఈ లోటు రెండు చోట్లా ఒకటే.

కనీస వేతనం పాఠాన్నే తీసుకుందాం. పనివారి సప్లయినీ యజమానుల డిమాండునూ చూపే రెండు రేఖలు కలిసే చోటుకు పైన, కనీస వేతనాన్ని సూచిస్తూ ఒక అడ్డగీత గీస్తారు. ఆ వేతనం దగ్గర పని కోరేవారు ఎక్కువ, పని ఇచ్చేవారు తక్కువ. ఆ తేడాయే నిరుద్యోగం. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు అర్థశాస్త్రవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఆ రాష్ట్రంలోనూ పక్కనున్న తూర్పు పెన్సిల్వేనియాలోనూ 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను సర్వే చేశారు. ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు వారికి కనబడలేదు. 1994లో వచ్చిన ఆ పరిశోధన మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాలు ఈ వివాదాన్ని దాచవు, ప్రస్తావిస్తాయి. కానీ పటానికి ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్కకు మార్కులుంటాయి. వివాదానికి ఒక పేరా మాత్రమే ఉంటుంది.

ఇదే విషయానికి మన నేల మీద దొరికిన సాక్ష్యం ఇంకా విలువైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులను బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పథకాన్ని 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ప్రభుత్వం యాదృచ్ఛిక క్రమంలో ముందూ వెనుకగా ప్రవేశపెట్టగా, అర్థశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అధ్యయనం చేశారు. చెల్లింపులు మెరుగుపడిన మండలాల్లో ప్రైవేటు కూలి రేట్లు పెరిగాయి, అయినా ప్రైవేటు పనులు తగ్గలేదు, పైగా పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న చోట ఆ పెరుగుదల మరింత స్పష్టంగా కనబడింది. కూలి రేటును నిర్ణయించే శక్తి యజమానుల చేతిలో ఉందనడానికి ఇది బలమైన సూచన. 2023లో ‘ఎకనమెట్రికా’ పత్రికలో వెలువడిన ఈ ఫలితాన్ని నాట్లకూ కోతలకూ కూలికి వెళ్లే ఇంటినుంచి వచ్చిన విద్యార్థి వింటే, అతనికి పాఠం పటంలోంచి లేచివచ్చి ఎదుట కూర్చున్నట్టుంటుంది. అయినా రెండు రాష్ట్రాల్లోనూ డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు ముందుగా అందేది ఆ రెండు రేఖల పటమే.

ఆచార్యులు సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది: ముందు సరళమైన నమూనా నేర్చుకోనివ్వండి, చిక్కులన్నీ పై తరగతుల్లో వస్తాయి. సంగీతంలో సరళీ స్వరాలు రాకుండా కృతి పాడించరు కదా అని. ఈ వాదంలో నిజాయితీ ఉంది. లోపమల్లా, ఇలాంటి కోర్సులో చేరే ఎక్కువమంది విద్యార్థులు పై తరగతికి వెళ్లనే వెళ్లరు. వారు వైద్యులు, ఇంజినీర్లు, న్యాయవాదులు, పాత్రికేయులు, శాసనసభ్యులు అవుతారు. వారికి సరళీ స్వరాలే కచేరీగా మిగిలిపోతాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక చట్టం మీద అభిప్రాయం చెప్పాల్సి వచ్చినప్పుడు వారి జ్ఞాపకంలోంచి పైకి వచ్చేది ఆ అడ్డగీతే.

పై తరగతికి ఎవరు వెళ్తారన్నది కూడా ఈ కోర్సే తేల్చేస్తుంది. పెద్ద కోర్సుల్లో చాలాచోట్ల తోటివారితో పోల్చి గ్రేడు ఇచ్చే రిలేటివ్ గ్రేడింగే ఉంటుంది. 2023లో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ చాలాకాలంగా చూపుతున్న విషయమొకటుంది: ప్రారంభ కోర్సులో ‘ఎ’ గ్రేడు కాక ‘బీ’ గ్రేడు వచ్చినప్పుడు, అర్థశాస్త్రాన్ని ప్రధాన విషయంగా ఎంచుకోవడం మానేసే ధోరణి అబ్బాయిలకంటే అమ్మాయిల్లో బాగా ఎక్కువ. అదే బీ వచ్చిన అబ్బాయి పెద్దగా చలించకుండా ముందుకు సాగిపోతాడు. అంటే వందలమంది మధ్య తన స్థానమేమిటో చెప్పే ఒక్క అక్షరం, దాన్ని వివరించి ధైర్యం చెప్పే మనిషి దగ్గర లేకపోవడం వల్ల, ఒక శాస్త్రంలోకి ఎవరు రావాలో నిర్ణయిస్తోంది. నాకు ఆ వాకౌట్ కంటే ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. లేచి వెళ్లినవారి పేరున లేఖ మిగిలింది. ఇలా తప్పుకున్నవారు ఎక్కడా లెక్కకు రారు.

మార్పు రాలేదని కాదు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర విద్యార్థులు 2012లో సొంతంగా ఒక సంఘం పెట్టుకుని తమ పాఠ్యక్రమాన్నే విమర్శనాత్మకంగా సమీక్షించారు. వెండీ కార్లిన్, శామ్యూల్ బౌల్స్ తదితరులు మొదలుపెట్టిన ‘కోర్’ ప్రాజెక్టు ఉచితంగా చదువుకోగల పాఠ్యపుస్తకాన్ని తయారు చేసింది. అర్థశాస్త్రవేత్తలు పట్టించుకోవాల్సిన అతిముఖ్య సమస్య ఏదని పలు దేశాల్లో కొత్తగా చేరిన విద్యార్థులను వారు అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబు అసమానత. హార్వర్డ్‌లోనే 2019లో రాజ్ చెట్టి ఏ ముందస్తు అర్హతా అడగకుండా నమూనాలతో కాక గణాంకాలతో మొదలయ్యే కోర్సు ప్రారంభించారు. అదే ఏడాది మ్యాన్‌క్యూ తప్పుకోగా ‘ఎకనామిక్స్ 10’ జేసన్ ఫర్మన్, డేవిడ్ లైబ్సన్‌ల చేతికి వచ్చింది. ఫర్మన్ అంతకుముందు అధ్యక్షుడు ఒబామాకు ఆర్థిక సలహాదారు.

పుస్తకం మారింది, ఆచార్యుడు మారాడు, ఆచార్యుడు సలహా ఇచ్చిన అధ్యక్షుడి పార్టీ కూడా మారింది. ఉమ్మడి ప్రశ్నపత్రం మారిందా అన్నదే నేను చూసే కొలమానం. 157 మండలాల కూలి రేట్ల పట్టికను చేతికిచ్చి, నువ్వు నేర్చుకున్న పటం దీన్ని ఎంతవరకు వివరించగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండు పేజీల్లో రాయమని అడిగే ప్రశ్న అందులో ఉండాలంటే, దాన్ని శ్రద్ధగా చదివి దిద్దే మనుషులు కావాలి. ఆ మనుషులకు జీతాలివ్వాలి. పెద్ద తరగతిని విశ్వవిద్యాలయాలు ఇష్టపడేది ఆ ఖర్చు తప్పుతుందనే.