క్వాటర్నియన్‌కి సీటు లేదు

మహారాజశ్రీ క్వాటర్నియన్ గారికి, బెజవాడ నుంచి ఎంపీసీ లెక్చరర్ రాయునది. ఉభయకుశలోపరి. తమరు నాలుగు భాగాల సంఖ్య అనీ, ఒక మామూలు సంఖ్య పక్కన ఐ, జే, కే అనే మూడు ఊహా భాగాలుంటాయనీ అప్లికేషన్‌లో చూశాం. మా కాలేజీలో మీకు సీటు ఇవ్వడం కుదరదని యాజమాన్యం తేల్చేసింది.

మూడైదులు పదిహేను, ఐదు మూళ్లూ పదిహేనే. ఈ స్థిత్యంతర ధర్మాన్ని పిల్లల బుర్రల్లోకి ఎక్కించడానికి ఎన్ని బెత్తాలు విరిగాయో మీకేం తెలుసు? మీరొచ్చి ఐని జేతో గుణిస్తే కే, జేని ఐతో గుణిస్తే మైనస్ కే అంటారు. ఈ రెండూ ఆప్షన్లలో పెడితే కీ మీద అభ్యంతరాలకి జవాబు చెప్పేదెవరు?

మీ ఇంటి పద్ధతులూ అంతంతమాత్రమే. పొద్దున టిఫిన్ దగ్గర, మిమ్మల్ని కనిపెట్టిన గణితవేత్త హామిల్టన్‌ని కొడుకులు అడిగేవారట: ‘నాన్నా, మూడేసి సంఖ్యల జట్లని గుణించడం వచ్చిందా?’ ఆయన తల అడ్డంగా ఊపి, కూడటం, తీసేయడమే వచ్చనేవాడట. కొడుకులు తండ్రిని నిలదీయడమేంటండీ! మా దగ్గర ఆ హక్కు తండ్రులది. అడిగేది కూడా ర్యాంకే. చివరికి 1843 అక్టోబర్ 16న, డబ్లిన్‌లో భార్యతో కాలవ గట్టున నడుస్తుంటే, మూడు కాదు నాలుగు కావాలని తట్టింది. వెంటనే కత్తి తీసి వంతెన రాయి మీద సూత్రం చెక్కేశాడు. మా ఏలూరు కాలవ వంతెన మీద ఏ కుర్రాడైనా ఆ పని చేస్తే సాయంత్రానికల్లా వార్డెన్ గదిలో ఉంటాడు.

అయినా మీకు అభిమానులున్నారు. మొన్న స్టడీ అవర్లో ఒకడు మ్యాథ్స్ 2ఏ పుస్తకాన్ని బల్ల మీద పరిచి, అట్ట తన వైపు చూసేలా నిలబెట్టి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు పావు చుట్టు తిప్పాడు. అట్ట ఎడమ పక్కకి తిరిగింది. మళ్లీ పరిచి, ముందు తిప్పి తర్వాత నిలబెట్టాడు. ఈసారి అట్ట వాడి మొహంలోకే చూస్తోంది. ‘వరస మారితే జవాబు మారింది కదా సార్, ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో లెక్కేసేదీ ఇలా వరస పట్టించుకునే క్వాటర్నియన్లతోనే’ అన్నాడు. నిజమే. పుస్తకం మాత్రం లాక్కున్నాను.

మీ తమ్ముడు ఆక్టోనియన్ అప్లికేషన్ కూడా అందింది. ఎనిమిది భాగాలు, పైగా బ్రాకెట్ జరిపితే జవాబు మారుతుందట. పదహారు భాగాల సెడెనియన్ అయితే సున్నా కాని రెంటిని గుణించి సున్నా తెప్పించగలడు. పేరెంట్స్ మీటింగ్‌లో అది ఎలా చెప్పమంటారు?

మీ బంధువులు సంకీర్ణ సంఖ్యల్ని చూడండి. వాళ్లదీ ఊహా వ్యవహారమే, కానీ డిమూవర్ సిద్ధాంతం మార్కులు తెస్తుంది కాబట్టి ఏసీ బ్యాచ్‌లో కూర్చోబెట్టాం. ఎంట్రన్స్‌లో మీ మీద ఒక్క బిట్ పడనివ్వండి, మర్నాడే బెంజి సర్కిల్లో మీ ఫొటోతో హోర్డింగ్ లేపుతాం.

అప్లికేషన్ ఫీజు మాత్రం తిరిగి ఇవ్వబడదు.

ఇట్లు,
గణితం లెక్చరర్