ఒకే టీవీ ముందు ఇద్దరాడే ఆటలకు కాలం చెల్లిందా?

“పక్కపక్కన కూర్చుని ఆడే ఆటలు ఎవరికీ అక్కర్లేదు, కొత్త గ్రాఫిక్స్‌తో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెరను చీల్చి ఒక్కొక్కరికీ ఒక ముక్క ఇవ్వడం) కుదరదు, ఎలాగూ ఆన్‌లైన్ ఉంది.” ఈ మూడు మాటలూ కలిపి గేమింగ్ గ్రూపుల్లో తెగ తిప్పుతున్నారు. మూడూ తప్పే.

అక్కర్లేదా? 2021లో వచ్చిన ‘ఇట్ టేక్స్ టూ’ ఒంటరిగా ఆడదామన్నా కుదరదు, రెండో మనిషి ఉండి తీరాలి. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట అదే. అమ్మకాలు 2 కోట్లు దాటాయి.

కుదరదన్న మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. తెరను చీలిస్తే అదే లోకాన్ని మెషీన్ రెండు చోట్ల నుంచి రెండుసార్లు గీయాలి. మెమరీ చాలదు, వేగం తగ్గుతుంది. ‘బాల్డర్స్ గేట్ 3’ ఆట ఎక్స్‌బాక్స్ కన్సోల్‌కి ఆలస్యమైంది ఇందుకే. 2023 డిసెంబర్‌లో ఎక్స్‌బాక్స్‌లో చిన్నదైన సిరీస్ ఎస్‌కి స్ప్లిట్ స్క్రీన్ లేకుండానే వదిలారు. కానీ తర్వాత ఏమైంది? 2025లో అదే చిన్న మెషీన్‌కి ప్యాచ్ 8 అనే అప్‌డేట్‌తో తెచ్చి ఇచ్చారు! పట్టుబట్టి కూర్చుంటే అయింది. 1997లోనే ‘గోల్డెన్ ఐ’ ఆట నింటెండో 64 అనే పాత కన్సోల్ మీద ఒకే తెరపై నలుగురిని ఆడించింది. అటు ‘హేలో ఇన్ఫినిట్’ ఆట వాళ్లు కథ భాగానికి స్ప్లిట్ స్క్రీన్ ఇస్తామని చెప్పి, 2022లో మనుషుల్ని వేరే పనులకు మళ్లించాలని రద్దు చేశారు. అంటే అడ్డమొచ్చింది యంత్రం కాదు, దేనికి ఖర్చు పెట్టాలన్న లెక్క.

ఇక ఆన్‌లైన్. తిరుపతిలో మా ఇంటికి ఏటా మే నెలలో గంగమ్మ జాతరకి చిన్నాయన పిల్లలొస్తారు. ఉండేది ఒక టీవీ, ఒక పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కన్సోల్. వీళ్లు ఆన్‌లైన్‌లో కలిసి ఆడాలంటే ఇంకో కన్సోల్, ఇంకో టీవీ, చాలా ఆటలకు ఇంకో కాపీ, పైగా ఆన్‌లైన్ ఆటకి నెలనెలా ప్లేస్టేషన్ ప్లస్ చందా. ఒకే చాప మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న పిల్లలకా ఇదంతా? ఇంకో కంట్రోలర్ అయితే ఆరేడు వేలతో పోతుంది.

అందరూ కలిసి వంట చేసే ‘ఓవర్‌కుక్డ్’ ఆట పెట్టినప్పుడు చూడాలి వీళ్లని. “రేయ్, కుండ మాడిపోతా ఉండాది, తియ్‌రా!” అని మా పాప అరుస్తుంది. వాడు స్క్రీన్ వదిలి దాని మొహం చూస్తాడు, ఆ లోపు వంటిల్లు అంటుకుంటుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతారు. హెడ్‌సెట్‌లో ఆ మొహం కనిపించదు.

పోయిన జాతరకి ఒక్కరే ఆడే కొత్త ఆట పెట్టాను. పెద్దోడు ఆడాడు, మిగిలిన ఇద్దరూ పావుగంట చూసి, ఎవరి ఫోను వాళ్లు తీసుకుని మిద్దె మీదికి పోయారు.