22వ టేపు దగ్గరి గోడ

తప్పంతా ఆ ప్రశ్న రాసినవాడిది. ఇది ముందే చెప్పేస్తే మిగతాదంతా మీరు కాస్త జాలిగా చదువుతారని నా ఆశ.

మా అమ్మాయి డ్రైవింగు నేర్చుకుంటోంది. నిన్న సాయంత్రం ఏదో అభ్యాస పుస్తకం పట్టుకొచ్చింది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకి ఏదో అడ్డం వచ్చిందట. డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కడానికి 1.5 సెకన్లు. రోడ్డు ఘర్షణ గుణకం, అంటే టైర్లకి రోడ్డు మీద దొరికే పట్టు, 0.7. కారు ఎంత దూరంలో ఆగుతుంది? కింద జవాబులు నాలుగూ అడుగుల్లో ఉన్నాయి. వేగమేమో కిలోమీటర్లలో, జవాబేమో అడుగుల్లో! బారల్లోనో జానల్లోనో అడగలేదు, అదే పదివేలు.

పక్కన మా బావమరిది ఉన్నాడు. ఇంజనీరింగు చదివినవాడు. వాడి ముందు తడుముకుంటానా? 72ని 1.5తో హెచ్చవేస్తే 108, అది బుర్ర వెలిగేలోపు కారు పోయే దూరం. 72 వర్గాన్ని 2, 0.7, భూమ్యాకర్షణకి వాడే 9.8ల లబ్ధంతో భాగిస్తే 378, అది బ్రేకు పడ్డాక పోయే దూరం. మొత్తం 486 మీటర్లు.

"అంత దూరమా నాన్నా!" అంది అమ్మాయి.

"అందుకే నెమ్మదిగా నడపమనేది" అన్నాను.

"కళ్లతో చూస్తేగానీ బుర్రకెక్కదు బావా, పద, వీధిలో కొలిచి చూపిద్దాం" అన్నాడు బావమరిది. వాడు పళ్లన్నీ కనబడేలా నవ్వినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇంట్లో ఉన్నది 5 మీటర్ల టేపు. వాడు సున్నా కొస పట్టుకున్నాడు. నేను రెండో కొస, చెవిలో పెన్ను, చేతిలో సుద్దముక్క, చంకలో కాగితాలు పెట్టిన అట్ట. ఈ వేషంలో మనిషి వంగి వంగి రోడ్డు కొలుస్తుంటే చూసేవాళ్లకి ఏమనిపిస్తుందో నాకు తట్టలేదు. ఆరో టేపుకి ఒక కిటికీ తెరుచుకుంది. పదో టేపుకి ముగ్గురు గేట్ల దగ్గరికొచ్చారు. 21 టేపులయ్యాక ఇంకో 3 మీటర్లు కొలిచి, సరిగ్గా 108 దగ్గర, ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ మీద పెద్ద ఇంటూ గుర్తు పెట్టాను.

ఆ ఇంటి పెద్దాయన ఒక కాలికే చెప్పు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏంటి బాబూ ఇది?"

"ఏం లేదండీ, మీ గోడ దగ్గరే బ్రేకు."

ఆయన మొహం పాలిపోయింది. నేను బ్రేకు తొక్కడం గురించి చెబుతున్నాను. ఆయనకి బ్రేకు అంటే బద్దలు కొట్టడమే. "గోడొక్కటేనా? మెట్లు కూడానా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎదురుగా ఉంటే మెట్లయినా ఒకటేనండీ, వేగం అలాంటిది."

"ఎప్పుడు బాబూ?"

"ఎప్పుడేంటండీ, సెకనున్నరలో."

ఆయన గోడకి చేరబడిపోయాడు. ఇక్కడ నోరు విప్పాల్సింది బావమరిది. వాడు విప్పాడు. "సార్, పక్కిల్లు కూడా రాసుకోండి" అన్నాడు.

వీధంతా బయటికొచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఒకరు, కాలవ తవ్వుతున్నారని ఇంకొకరు. ఒకావిడ తన గోడ మీద కూడా గుర్తు పెట్టమని పోరింది, నష్టపరిహారం వస్తే వదులుకోవడం దేనికని. 63వ టేపుకి వీధి అయిపోయింది. కారు మాత్రం ఆగలేదు.

అప్పుడొచ్చింది మా అమ్మాయి, ఫోను పట్టుకుని. "నాన్నా, గంటకి కిలోమీటర్లని సెకనుకి మీటర్లు చేయాలంటే 72ని ముందు 3.6తో భాగించాలట. సెకనుకి 20 మీటర్లే."

అంటే బుర్ర వెలిగేలోపు 30, బ్రేకు పడ్డాక 29. వెరసి 59 మీటర్లు, 194 అడుగులు, రెండో జవాబు. నేను వదిలేసింది ఒక్క 3.6, కానీ వేగాన్ని వర్గం చేస్తాం కాబట్టి బ్రేకు దూరం దాదాపు 13 రెట్లయి కూర్చుంది. లెక్క సరిగ్గా వేసుంటే కారు 12వ టేపు దగ్గరే బుద్ధిగా ఆగేది. పెద్దాయన గోడ 22వ టేపు దగ్గర.

"నీకు ముందే తెలుసా?" అన్నాను బావమరిదితో.

"నువ్వంత నమ్మకంగా చెబుతుంటే ఎందుకులే అనుకున్నా బావా."

పొద్దున్నే కాలింగ్ బెల్లు మోగింది. "నిన్న గోడ మీద గుర్తు పెట్టిన సారు ఇక్కడేనా ఉండేది?" అని పెద్దాయన గొంతు. నేను స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాను. లేరని చెబుతాడు కదా అనుకున్నాను.

"ఉన్నారండీ, స్నానం చేస్తున్నారు, కూర్చోండి" అన్నాడు బావమరిది.

అరగంటయింది. ఇదంతా ఫోనులో టైపు చేస్తున్నది ఇక్కణ్నుంచే. ఇప్పుడు వాడే తలుపు కొడుతున్నాడు. "సార్, దస్తావేజులు ఒరిజినల్సే తెచ్చారు, ఒకసారి చూస్తారా?"