బుర్బోన్ ఇంటిపేరు మీద సవరణ

మొన్న పెట్టిన పోస్టులో ఫ్రాన్స్ రాజుల బుర్బోన్ వంశం జి2ఎ హాప్లోగ్రూప్ (తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ని బట్టి చేసే వంశ గుంపు) అని గట్టిగా రాసేశాను, అది తప్పు, సారీ. 1793 జనవరి 21న 16వ లూయీ తల నరికినప్పుడు ఎవరో రుమాలు ఆ రక్తంలో ముంచి ఎండు సొరకాయ బుర్రలో దాచారని కథ, ఆ బుర్రలో గీరిన రక్తంలో దొరికింది జి2ఎ, బుర్బోన్లలో మొదటి ఫ్రాన్స్ రాజు 4వ హెన్రీదని చెప్పే ఎండిపోయిన తలతో కూడా కలిసిందన్నారు, నేను అక్కడితో చదవడం ఆపేశా. 2013లో బెల్జియం వాళ్ళు బతికున్న ముగ్గురు బుర్బోన్ మగవాళ్ళ వై క్రోమోజోమ్ చూస్తే ముగ్గురిదీ జి2ఎ కాదు, ఆర్1బి అనే వేరే గుంపు, అందులో జడ్381 అనే కొమ్మ. అంటే ఆ రక్తం, ఆ తల రాజులవని చెప్పడం కష్టమే.

ఇంకోటి, ఇంటిపేరూ వై క్రోమోజోమూ ఎప్పుడూ కలిసే వస్తాయన్నట్టు రాశాను. ఇక్కడ అలా కాదు. ఈ రాజుల మూలపురుషుడు, 9వ లూయీ కొడుకు రాబర్ట్ 1272లో పెళ్ళి చేసుకున్న బియాట్రిస్ వైపు నుంచి వచ్చిందా బుర్బోన్, మన ఇల్లరికం లెక్క అనుకోండి, క్రోమోజోమ్ మాత్రం రాబర్ట్ తండ్రి వంశమైన కాపే రాజులది. ఆ ఇంటిపేరు వచ్చిన ఊరు బుర్బోన్ లార్షాంబో, వేడినీటి ఊటలున్న చోటు, పేరు బోర్వో అనే గాలిక్ (ఫ్రాన్స్ ప్రాంతపు ప్రాచీన జనాల) దేవుడిదంటారు. విప్లవం వాళ్ళు లూయీని పట్టుకుని "కాపే" అనే పిలిచారు, బుర్బోన్ అనలేదు. బుర్బోన్ బిస్కెట్ గురించి అడిగినవాళ్ళకి, అవును, దాని పేరు కూడా ఈ వంశం మీదే.