3,551వ మెట్టు

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మా ఊరి మోకాళ్లకు ఆ లెక్క కంఠతా వచ్చు. కొందరైతే మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతారు. మెట్ల విషయంలో ఇంత పాండిత్యం ఉన్న తిరుపతిలో, పికప్ బండి తొట్టికి మాత్రం ఒక్క మెట్టూ ఉండరాదని ఏ రాజు శాసనం వేయించాడో తెలియదు.

తొట్టి మనిషి నడుమెత్తు ఉంటుంది. దాన్ని ఎక్కే సంప్రదాయం ఇదీ: కుడికాలు టైరు మీద, ఎడమచెయ్యి తాడు కొక్కెం మీద, భారం గోవిందుడి మీద. వాన పడి టైరు జారుతుంటే ఎవరూ ఎక్కడం మానరు, గోవింద నామం కాస్త గట్టిగా అంటారు, అంతే.

సీజన్‌లో నా బండి తోతాపురి కాయలు వేసుకుని చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. కూలీల అవస్థ చూడలేక, మడిచే మెట్టు పెట్టిద్దామన్నాను. "రేయ్ అల్లుడా, మీ తాత మెట్టు అడిగినాడా?" అన్నాడు మామ. తాత ఎక్కింది ఎద్దులబండి అనీ, దాని చక్రం ఆకులే ఆయనకు మెట్లనీ చెప్పే ధైర్యం నాకు లేదు. మెట్టు పెడితే సరుకు బండిలో జనం ఎక్కుతారన్నది ఆయన రెండో భయం. మెట్టు లేకుండానే మొన్న పెళ్లికి అదే బండిలో ఇరవైమంది పోయారు, ముందు వరసలో మామే. ఇక లా చదివే మా తమ్ముడు 1988 మోటారు వాహనాల చట్టం తెరిచి, 52వ సెక్షన్ ప్రకారం బండి రూపు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదన్నాడు. బండికి నాలుగు రకాల హారన్లు పెట్టించింది వాడే.

అయినా వెల్డింగ్ షాపుకు పోయాను. "అర్ధగంట పని సామీ" అన్నాడు మేస్త్రీ. మొదట బంపర్ రేకుకు అతికించాడు. నేను కాలు పెట్టగానే రేకు వంగి నమస్కారం చేసింది. ఈసారి ఛాసిస్‌కు బ్రాకెట్ వేసి, బోల్టులతో సరిగ్గా నడిమధ్యలో బిగించాడు. చూడ్డానికి లక్షణంగా ఉంది. వెనక తలుపు దించాం. అది కిందికి వేలాడి మెట్టును కప్పేసింది. తలుపు మూస్తే మెట్టుంది, తొట్టిలోకి దారి లేదు. తీస్తే దారుంది, మెట్టు లేదు. మాయ అంటే ఏమిటో నాకు ఏ ప్రవచనంలోనూ ఇంత తేటగా అర్థం కాలేదు.

చివరికి మెట్టు మూలకు జరిగింది. మడిచాక పిన్ను పెట్టాలి. మరిచిపోతే స్పీడ్ బ్రేకర్ దగ్గర దానంతటదే దిగి రోడ్డును గీరుతుంది. రెండు రోజులు గీరింది, తర్వాత పిన్ను అలవాటైంది.

శుక్రవారం అమ్మ మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. శనివారం కాయలెత్తడానికి వచ్చిన కూలీ దాన్ని చూసి తలగుడ్డ తీశాడు. వంగి, మెట్టును తాకి కళ్లకద్దుకున్నాడు. పక్కకు జరిగి, "గోవిందా" అంటూ టైరు మీద కాలేశాడు.